కప్పున్న వంతెన

మొన్న వానకు తడిసిన టేకాకుల వాసన రాంగనే నేను మళ్లా ఆరేండ్ల పిల్లనైన.

ఆసిఫాబాద్ అవతల ఒర్రె మీద అప్పుడే కొత్తగా కట్టెల వంతెన కట్టిండ్రు. అంతకు రెండేండ్ల ముందు ఆ ఒర్రె దాటుతుంటెనే మా అవ్వ తమ్ముడు, నాకు మేనమామ, వరదకు కొట్టుకపోయిండు. అప్పటినుంచి అవ్వ తల్లిగారింటికి పోలే. వంతెన అయ్యిందని తెలిసి బాపు గూడుబండి కట్టిండు.

పొద్దంత అడవి తొవ్వనే. తెల్లటి టేకుపూలు బండి మీద రాలుతున్నయి. ఎడ్ల గంటల చప్పుడుకు నాకు సగం నిద్ర, సగం మెలకువ.

ఒర్రె చప్పుడు వినవడంగనే అవ్వ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. బాపు బండి ఆపి ముందటొక గొంగడి, ఎనుకొక గొంగడి కట్టిండు. నిద్రమత్తుల నేను కండ్లు తెరిచేసరికి లోపలంత చీకటైంది. చక్రాల కింద కట్టెలు గుడగుడమన్నయి.

"బాపూ, చీకటెందుకైంది?"

"వంతెనకు కప్పేసిండ్రు బిడ్డా. జర కూసో, అయిపాయె," అన్నడు బాపు, బయట ఎడ్ల పక్కన నడుస్తూ.

నేను నమ్మిన. ఆ వంతెనకు ఇల్లు లెక్క కప్పున్నదని బడిలో అందరికీ చెప్పుకున్న.

పెద్దయినంక బస్సుల పోతుంటే చూసిన. వంతెన మీద ఉన్నది ఉత్త ఆకాశమే. ఇంటికొచ్చి అడిగితే అవ్వ నవ్వింది.

"నేను చూడొద్దని మీ బాపు కట్టిన గొంగడి సందులకెళ్లి నీళ్లన్నీ చూసిన బిడ్డా. మా తమ్మునికి దండం గూడ పెట్టుకున్న. మీ బాపు పరేషానైతడని చెప్పలే."

బాపు ఉన్నన్ని రోజులు ఆమె ఆయనకు చెప్పనే లేదు. ఆమెను భయం తెల్వకుంట దాటించిన్నని ఆయన ఎప్పటికీ సంబురపడుతుండె.