అమ్మా అంటేనే చాక్లెట్

ఈ అరబ్బు దేశంలో, సాల్మియాలో నేను చూసుకునే ముసలామెది హాలండ్. ఆమె అల్లుడు ఇక్కడ ఇంజనీరు. తన తల్లి యూదురాలన్న మాట బయట ఎక్కడా అనొద్దని, నేను పనిలో చేరిన రోజే కూతురు వంటింట్లోకి పిలిచి చెప్పింది. నాకెందుకు, నా పని నాది అనుకున్నాను. ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు; అట్లే నేనూ కూతుర్ని మామా అని, ముసలామెను పెద్ద మామా అని పిలుస్తాను.

నా బిడ్డకు పాలు మాన్పించి చెల్లెలి దగ్గర వదిలి వచ్చాను. ఇప్పుడు దానికి ఐదేళ్లు. చెల్లెల్ని అమ్మా అంటుంది, నన్ను పెద్దమ్మా అంటుంది. నాకు కడుపు మండిపోయేది. అందుకే ఊరికి వెళ్లేవాళ్ల చేత చాక్లెట్ల డబ్బా పంపి, ఫోన్లో నన్ను అమ్మా అంటేనే ఒకటి ఇవ్వమని చెల్లెలికి గట్టిగా చెప్పాను. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను కూడా.

మొన్న శుక్రవారం పెద్ద మామా పక్కన కూర్చుని వీడియో కాల్ చేశాను.

"అమ్మా అను పాపా, అంటేనే ఇస్తా," అంది చెల్లెలు.

బిడ్డ డబ్బానే చూస్తూ "అమ్మా" అంది. చాక్లెట్ చేతిలో పడగానే పరుగు తీసింది.

ఏమిటని పెద్ద మామా అడిగితే నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. నాకు అర్థమయ్యేలా చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో తన సంగతి చెప్పింది. యుద్ధంలో యూదుల పిల్లల్ని కూడా పట్టుకుపోయి చంపుతుంటే, పసిపిల్లగా ఉన్న ఆమెను ఒక రైతు ఇంట్లో దాచారట. వాళ్లు వేరే పేరు పెట్టి, తమ ప్రార్థనలు నేర్పి, సొంత బిడ్డలా పెంచారట. యుద్ధం అయిపోయాక ఎముకల గూడులాంటి మనిషి ఒకామె వచ్చి, నేనే మీ అమ్మనని చేయి పట్టుకుందట. ఈమె ఆ చేతిని కొరికి రైతు భార్య వెనక దాక్కుందట.

"మా అమ్మ కొట్టలేదు. అమ్మా అనమని బతికినన్నాళ్లూ అడగలేదు. నేను అన్నప్పుడల్లా మాత్రం, నిజంగానే అంటున్నానా అని నా ముఖంలోకి చూసేది. ఆ చూపు గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గు."

నాకు తల కొట్టేసినట్టయింది. చావు తప్పించుకుని వచ్చిన తల్లి అడగని మాటను నేను చాక్లెట్ చూపించి అనిపిస్తున్నాను. వెంటనే చెల్లెలికి మళ్లీ ఫోన్ చేశాను.

"డబ్బా పాప చేతికే ఇచ్చెయ్. ఏమీ అనమని చెప్పొద్దు."

"అట్లయితే నిన్ను అమ్మా అనదు గదక్కా."

"అనకపోతే పోనీలే."

డబ్బా ఇచ్చినట్టుంది. బిడ్డ గొంతు వినబడింది.

"అమ్మా, ఇంగ ఫోన్లో పెద్దమ్మను అమ్మా అనే పని లేదా?"

"లేదులే పాపా."

"హమ్మయ్య!"

పెద్ద మామాకు తెలుగు రాదు. అయినా ఆమె ముఖం చూడలేకపోయాను.