చలపతికి హాలు ఎలా దొరికిందో తెలుపగలరు

ఒక్క ఈమెయిల్‌తో చుట్టుపక్కల తెలుగువాళ్లందరి దీపావళినీ రోడ్డున పడేసిన ఘనత ఆక్లాండ్‌లో నా ఒక్కడిదే. ఆ ఘనతను ఇంకెవరూ పంచుకోకూడదనే ఇది రాస్తున్నాను.

రెండువేల దశకం మధ్యలో మేము నగర శివారు టకానినిలో ఇల్లు కొనుక్కున్నాం. అక్కడి తెలుగు కుటుంబాలు రెండు జట్లు. ఒకదానికి నేను పెద్ద, రెండోదానికి అనంతపురం చలపతి. గొడవలేమీ లేవు. పిల్లల పుట్టినరోజులకి పిలుచుకునేవాళ్లం. దీపావళి మాత్రం ఎవరిది వాళ్లదే. చలపతి దీపావళి ఇక్కడి మునిసిపాలిటీ లాంటి కౌన్సిల్ వారి కమ్యూనిటీ హాల్లో. చెక్క నేల, స్టేజీ, ఎర్ర తెర, బోలెడంత పార్కింగ్. నా దీపావళి లైబ్రరీ వెనక గదిలో. అక్కడ కోలాటం వేస్తే ముందు వరస కర్రలు వెనక వరస కళ్లజోళ్లకి తగిలేవి.

రెండేళ్లు ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు, చలపతి స్టేజీ మీద మైకు సవరించుకుంటున్న ఫోటో ఎవరో చూపించారు. నా కడుపులో ఆవకాయ జాడీ పగిలింది.

"వాడికి లోపల ఎవరో ఉన్నారు," అన్నాను మా ఆవిడ పద్మతో.

"ఎక్కడి లోపల?"

"కౌన్సిల్ లోపల!"

"మీరే ఫోన్ చేసి హాలు అడగొచ్చుగా?"

అడగడమా? అడిగితే ఇచ్చేస్తారేమో! అప్పుడు చలపతి కుట్ర బయటపడేదెలా, మీరే చెప్పండి.

ఆఫీసులో నా పక్క సీటు గ్రెగ్ అనే కివీ, అంటే ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు, దారి చూపించాడు. "ప్రభుత్వ ఆఫీసుల దగ్గరున్న సమాచారం ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. ఫారం అక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. ఏం కావాలో స్పష్టంగా ఒక చిన్న ఈమెయిల్ రాస్తే చాలు. గడువులోగా జవాబు ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే అంబుడ్స్‌మన్ అని, ప్రభుత్వం మీద ఫిర్యాదులు వినే అధికారి ఉంటాడు, ఆయనకి ఫిర్యాదు చేసుకోవచ్చు."

ఇంత చక్కటి సలహాలో నా చెవికి ఎక్కింది ఆ చివరి ఫిర్యాదు ఒక్కటే. 'స్పష్టంగా', 'చిన్న' అన్న మాటలు ఆ చెవి దాకా రానేలేదు. చలపతికీ కౌన్సిల్‌కీ మధ్య నడిచిన సమస్త ఉత్తరాలు, ఈమెయిళ్లు, ఫోన్ సంభాషణల వివరాలు, హాలు తాళంచెవి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఆ చరిత్రతో సహా కావాలని పేజీలకు పేజీలు రాశాను. చివర లావుపాటి అక్షరాలతో, నాతో ఫోన్‌లో మాట్లాడరాదు, ఏం చెప్పినా రాతపూర్వకంగానే చెప్పాలి అని హుకుం జారీ చేశాను.

ఆ వారమే ఫోన్ మోగింది.

"హలో సుధాకర్, కౌన్సిల్‌లో హాళ్లు చూసుకునే లిండాని. దీపావళి గురించి ఒక చిన్న మాట..."

"సారీ. రాతపూర్వకంగా!"

"ఒక్క నిమిషం వినండి, మీకు పనికొచ్చేదే..."

"రాతపూర్వకంగా!"

"సరే," అందావిడ, నిట్టూర్చి. "అయితే మీరు అడిగిన సమాచారంతో పాటే పంపిస్తాం."

ఫోన్ పెట్టేసి పద్మ వైపు విజయగర్వంతో తిరిగాను. "విన్నావా? గొంతు వణికింది."

"మీ అరుపుకి నాకే వణికింది," అంది పద్మ.

కొన్ని వారాల తర్వాత ఒక శనివారం మా తలుపు కొట్టింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ చలపతి! చేతిలో జంతికల డబ్బా.

"అన్నా, నా ఈమెయిళ్లు నీకియ్యొచ్చునా అని కౌన్సిలోళ్లు నన్నడిగినారు. ఇయ్యండి అని చెప్పినా. అయినా నన్నడిగింటే నేనే ఇచ్చేవాణ్ణి గదన్నా?"

వేరేవాళ్ల ఉత్తరాలు అడిగితే ముందు వాళ్లను కనుక్కుంటారన్న సంగతి గ్రెగ్ నాకు చెప్పలేదు. నా మొహం తడిసిన అప్పడంలా అయింది.

"ఊరికే... జనరల్ నాలెడ్జి కోసం," అన్నాను.

పద్మ కాఫీ కప్పులు పెడుతూ నా వంక చూడలేదు. చూసినా అంత బాధగా ఉండేది కాదు.

"ఇంతకీ హాలు ప్రతి ఏడూ నీకెలా దొరుకుతోంది?" పరువు ఎలాగూ పోయింది కదా అని అడిగేశాను.

"ఏముందన్నా, క్రిస్మస్ సెలవులు కాంగానే ఒక ఈమెయిల్ పెడతా. ముందడిగినోళ్లకి ఇస్తారు. ఈ తూరి మా ఆవిడకి నర్సింగ్ పరీక్షలు, మేం పండగ పెట్టుకోలేదు. ఆ హాలు సుధాకరన్నకి ఇయ్యండి, మేమంతా ఆడికే పోతాం అని లిండాతో చెప్పినా. నీకు ఫోన్ చేస్తానన్నదే, చేసిందా?"

నా చేతిలో జంతిక విరిగింది. సోమవారం పొద్దున్నే లిండాకి ఫోన్ చేశాను. రాతపూర్వకంగా కాదు, నోటితోనే, బతిమాలుతూ.

"అయ్యో సుధాకర్! మీ జవాబు కోసం చాలా రోజులు ఆపాను. వరసల్లో నిలబడి లైన్ డ్యాన్స్ చేసే ఆంటీలు అడుగుతూనే ఉన్నారు. మొన్ననే వాళ్లకి ఇచ్చేశాను. మీకు రాసిన ఉత్తరం ఫైలుతో పాటు వస్తోంది."

ఉత్తరం నిజంగానే వచ్చింది. దాంతో పాటు చలపతి మహాకుట్ర తాలూకు సమస్త పత్రాలూ వచ్చాయి. మొత్తం కలిపి ఇంతే: "హాయ్ లిండా, పోయిన ఏడాది లాగే. థాంక్స్."

రెండు జట్లు కలిస్తే లైబ్రరీ గదిలో నిలబడటానికి కూడా చాలదు. కారు రోడ్డు మీద పెట్టి మా గ్యారేజీలోనే దీపావళి చేశాం. ఆక్లాండ్ వాన కూడా పిలవకుండానే వచ్చింది. పులిహోర కోసం నిలబడ్డవాళ్ల వరస డ్రైవ్‌వే దాటి రోడ్డెక్కింది. ఆడవాళ్లు ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గొడుగు పట్టుకుని కోలాటం వేశారు. వాషింగ్ మెషీన్ పక్కన స్టూలెక్కి చలపతి, మైకు లేకుండానే, "ఇంత దగ్గరగా ఎప్పుడైనా కూర్చున్నామా? ఇదంతా మా సుధాకరన్న పుణ్యం!" అన్నాడు.

గ్యారేజీ దద్దరిల్లేలా చప్పట్లు. గ్యారేజీ నాది, పులిహోర నాది, చప్పట్లు వాడివి! అంత వానలోనూ నాకు ఒళ్లు మండింది.

అప్పటి నుంచి ఇక్కడి పిల్లలు నన్ను 'ఇన్ఫర్మేషన్ అంకుల్' అంటున్నారు. కొందరికి నా అసలు పేరే తెలియదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సమాచారం అడగడం మానను, అది నా హక్కు. కానీ ఒక్క వాక్యంలో అడుగుతాను, అవతలివాళ్లు ఫోన్ చేస్తే ఆసాంతం వింటాను. ఇక చలపతి మీద ఏడవడం అంటారా, అది మానడం నా వల్ల కాదు. ఇంట్లో కూర్చుని ఏడుస్తాను గానీ, ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కేలా మాత్రం చచ్చినా ఏడవను.