ముందు సారీ, తర్వాత సంగతి

మా వదిన నోట్లో నాలుక లేని మనిషేం కాదు. నాలుక ఉంది, కాకపోతే దాని మీద ఎప్పుడూ ఒకే మాట సిద్ధంగా ఉండేది: సారీ. మా అన్నయ్య రోజూ పొద్దున్న బయల్దేరే ముందు తాళాలు ఏవని ఇల్లు దద్దరిల్లేలా అడుగుతాడు. వాటిని ఎక్కడో పడేసింది ఆయనేనని గోడలకు కూడా తెలుసు. అయినా వదిన, "అయ్యో సారీ, నేనే ఎక్కడో పెట్టుంటాను" అంటూ సోఫా కింద వెతకడం మొదలుపెట్టేది. దొరికాక ఆయన పెద్ద మనసు చేసుకుని క్షమించేవాడు కూడా. చూస్తున్న నాకు ఒళ్ళు మండేది.

అది ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఉద్యోగం అంటించింది. వాషింగ్ మెషీన్లు అమ్మే ఒక కంపెనీలో ఆమె చాలా ఏళ్ళు ఫిర్యాదుల ఫోన్లు ఎత్తింది. ఫోన్ ఎత్తగానే ముందు సారీ చెప్పాలి, ఆ తర్వాతే సంగతేమిటో అడగాలి అని చేరిన రోజే నేర్పారు. తప్పు ఎవరిదన్నది అనవసరం. జేబులో మేకులతో సహా ప్యాంటు పడేసి మెషీన్ పాడుచేసుకున్నవాడికీ సారీయే. రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని పెట్టుకుని ఎడమ చెవిలో జోరీగ దూరినట్టు ఒక హోరు మొదలైంది. మెల్లగా ఆ వైపు మాటలు సరిగ్గా వినిపించడం కూడా తగ్గింది. ఈ పని మానకపోతే ఆ చెవి మీద ఆశ వదులుకోమన్నాడు చెవి డాక్టరు.

అప్పుడు మొదలుపెట్టింది ప్రోగ్రామింగ్. ఫిర్యాదులు ఎక్కించే సాఫ్ట్‌వేర్ మొరాయించినప్పుడల్లా దాన్ని బాగుచేయడానికి వచ్చే మనిషి వెనకాల నిలబడి చూసేదట. అతనికి ఎవరూ ఫోన్ చేసి అరవడం లేదని గమనించింది. ఆమెకు నచ్చింది ముందు అదే. పొద్దున్నే ఇంట్లో ఎవరూ లేవకముందు వంటింటి గట్టు మీద పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని, పాలు పొంగుతాయేమోనని ఒక కన్ను స్టవ్ మీద వేసి, పాఠాలు చూసేది. పాలు చాలాసార్లు పొంగాయి. అందుకూ సారీ చెప్పేది.

నేర్చుకోవడం ఒక ఎత్తు, ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు. వదిన డిగ్రీ చరిత్రలో. ఇంటర్వ్యూల్లో ఆ మాట చెప్పగానే అవతలివాళ్ళు "చరిత్రా?" అని మళ్ళీ అడిగేవారు, ఏదో అంటురోగం పేరు విన్నట్టు. ఆ తర్వాత వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది కాదు. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. మా అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసిన చిన్న కంపెనీలో మనుషులు కావాలంటున్నారని తెలిసి వదినను అక్కడికి పంపాను. అక్కడి మేనేజరమ్మ డిగ్రీ ఊసెత్తలేదట. పనిచేయని ప్రోగ్రామ్ ఒకటి ముందు పెట్టి, ఎక్కడ చెడిందో చూడమని వెళ్ళి టీ తాగి వచ్చిందట. వదిన కనిపెట్టింది. ఆరు నెలలు ప్రొబేషన్, నిలబడితే ఖాయం చేస్తాను, లేకపోతే లేదు అని చెప్పింది ఆవిడ. లేకపోతే మళ్ళీ హెడ్‌సెట్టే అన్న సంగతి ఆవిడకు తెలియదు, మాకు తెలుసు.

ఆ నెలల్లో వదిన మొహం చూడలేకపోయేవాళ్ళం. మీటింగుల్లో వాళ్ళు మాట్లాడుకునే మాటల్లో సగం తెలిసేవి కావు. తలూపి, బయటికొచ్చాక ఫోన్‌లో వెతుక్కునేది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడేది. అన్నం పెట్టుకోమంటే పెట్టుకునేది, వద్దంటే మానేసేలా ఉండేది. "వాళ్ళకి కాలేజీలో కూర్చోబెట్టి నేర్పారు, నేను బస్సులో నిలబడి నేర్చుకుంటున్నాను" అంది ఒకసారి. నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు.

అలా సగం గడువు గడిచాక ఒక రోజు మా క్లినిక్‌లో ఒకే సమయానికి ఇద్దరేసి పేషెంట్లు దిగబడ్డారు. ఇద్దరికీ దవడలు వాచి ఉన్నాయి, ఇద్దరి చేతుల్లోనూ మా అపాయింట్‌మెంటే ఉంది. అన్ని క్లినిక్‌లలోనూ అదే గొడవ. ఆ కంపెనీకి ఫోన్ చేసి అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అక్కడ జరిగింది వదిన తర్వాత చెప్పింది. మేనేజరమ్మ అందర్నీ పిలిచి, నిన్న ఎవరేం మార్చారని అడిగింది. అడిగి ఊపిరి తీసుకుందో లేదో, వదిన నోటి నుంచి పాత ఉద్యోగం బయటపడింది: "సారీ మేడమ్, నా వల్లే అయ్యుంటుంది." నిజానికి ముందురోజు ఆమె మార్చింది ఒక బటన్ రంగు. రంగు మారితే అపాయింట్‌మెంట్లు రెండేసి పడవు. కానీ తనే ఒప్పుకుంది కదా అని అందరూ ఆమె రాసిన దాని మీద పడ్డారు. మధ్యాహ్నం దాకా దాన్ని తిరగేసి బోర్లేసి వెతికారు. చివరికి తప్పు ఇంకెక్కడో దొరికింది. పొడుగాయన అని వాళ్ళలో ఒక సీనియర్ ఉన్నాడు, అపాయింట్‌మెంట్ల సమయాలు లెక్కగట్టే భాగంలో ఆయన చేసిన మార్పు అది. పొద్దుట్నుంచీ ఆయన తేలు కుట్టిన దొంగలా ఉన్నాడని నా అనుమానం. ఆయనకూ తెలియదంటుంది వదిన.

సాయంత్రం మేనేజరమ్మ ఆమెను విడిగా పిలిచింది. కోపమొచ్చింది పొడుగాయన మీద కాదు.

"తప్పులు అందరూ చేస్తారు, వెతికి సరిచేస్తాం. నువ్వు చెయ్యని తప్పు నీదన్నావు. నీ మాట నమ్మి సగం రోజు లేనిచోట వెతికాం. ఇకమీద నువ్వు అవునంటే నమ్మాలా, కాదంటే నమ్మాలా?"

వదిన దానికీ సారీ చెప్పబోయి ఆగిందట.

ఇంటికొచ్చాక నేనే దులిపేశాను. ఊళ్ళో తప్పులన్నీ నెత్తిన వేసుకోవడానికి నీకేమైనా జీతమిస్తున్నారా అన్నాను.

"నాది కాదని నాకెలా తెలుస్తుంది చెప్పు. వాళ్ళందరూ చదువుకుని వచ్చారు. ఏది విరిగినా నా చేతిలోనే విరిగుంటుందనిపిస్తుంది. రోజూ అలా అనుకుని అనుకుని అలిసిపోయాను" అంది.

నాకు ఏడుపొచ్చింది. దులిపినందుకు కాదు, ఆ మాట అంత మామూలుగా అన్నందుకు.

ప్రొబేషన్ చివరి వారంలో మళ్ళీ తెల్లారింది గొడవతోనే. పేషెంట్లకు ముందురోజు వెళ్ళాల్సిన గుర్తుచేసే మెసేజీలు చాలామందికి వెళ్ళలేదు. మా క్లినిక్‌లో కుర్చీలు ఖాళీ, డాక్టరు ఈగలు తోలుకుంటున్నాడు. ఈసారి నేను ఫోన్ చేయలేదు. వదిన మెసేజీల భాగంలోనే పనిచేస్తోందని నాకు తెలుసు.

మీటింగులో మేనేజరమ్మ అదే ప్రశ్న అడిగింది. అడగకముందే అందరి చూపులూ అలవాటుగా వదిన వైపు తిరిగాయట. సారీ అన్న మాట నోటి దాకా వచ్చిందట.

"నాకు తెలియదు మేడమ్. చూసి చెప్తాను" అంది.

వెళ్ళి కూర్చుని చూసింది. మధ్యలో ఒకసారి లేచి నీళ్ళు తాగి వచ్చింది. కొత్త పేషెంట్లకు మెసేజీ వెళ్ళేలా రాసిన చోట పాతవాళ్ళను వదిలేసిన వరుస ఒకటి కనబడింది. అది ఆమె రాసిందే. ఈసారి నిజంగానే ఆమెది. తిరిగి లోపలికి వెళ్ళి నిలబడింది.

"దొరికింది. తప్పు నాదే. ఇదిగో, ఇక్కడ" అంది. అంతే అంది.

మేనేజరమ్మ ఆ వరుస చూసి, సరే కానివ్వు అంది. భోజనాల వేళకు ముందే సరిచేశారు. వారం చివర వదినను పిలిచి, సోమవారం నుంచి నువ్వు మా మనిషివే అని చెప్పింది. దానికి మించి ఒక్క ముక్క అనలేదు.

ఆ కబురు తెచ్చిన రోజు కూడా వదిన చెప్పులు విప్పకుండానే కూలబడింది. సంతోషంగా లేదా అంటే, ఉంది గానీ సంతోషపడే ఓపిక లేదంది. సోమవారం నుంచి ఇదే పని ఇంకా పెద్దగా ఉంటుంది కదా అని కళ్ళు మూసుకుంది.

సోమవారం పొద్దున్న అన్నయ్య ఎప్పట్లాగే తాళాలు ఎవరు తీశారని అరిచాడు. వదిన కాఫీ గ్లాసు పట్టుకుని కుర్చీలో ఉంది. నేను సోఫా వైపు చూశాను. ఆమె లేవలేదు.

"నేను తియ్యలేదండీ" అంది.

అన్నయ్య ఆమె కుర్చీ పక్కనే నిలబడిపోయాడు. ఏం చేయాలో తోచక తన జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్ళకు తాళాలు తగిలాయి. చిన్న గొంతుతో "సారీ" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. వదిన కాఫీ తాగుతూనే ఉంది. విన్నదో లేదో తెలియదు, ఆయన నిలబడింది ఎడమ చెవి వైపు.