ఆటలో అరటిపండు

ఇవాళ పొద్దున నేను పాఠాలు చెప్పే బడి ఆవరణలో ఆటల పోటీలకు సున్నంతో గీతలు గీశారు. నరసరావుపేట ఎండకు కాగిన నేల మీద నీళ్లు చల్లి, ఆ తడి మీద సున్నం పోస్తుంటే లేచిన వాసన నన్ను ఈపూరు దగ్గరి మా ఊరికి, మా ఇంటి వాకిట్లోకి లాక్కుపోయింది. శ్రీరామనవమి పానకం తాగే నాటికి ఒంటిపూట బడులు వచ్చేసేవి. కళ్లాల్లో ఎండే మిరపకాయల ఘాటు గాలిలో తేలుతూ తుమ్ములు తెప్పిస్తుంటే, పెద్దవాళ్లు తలుపులు ఓరగా వేసుకుని కునుకు తీస్తుంటే, ఆడపిల్లలమంతా నాపరాళ్లు పరిచిన మా వాకిట్లో బొగ్గుతో గడులు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం.

ఊహ తెలియని వయసులో వచ్చిన జ్వరం నా ఎడమకాలిని ఎండగొట్టి పోయింది. తొక్కుడుబిళ్లలో అందరూ ఒంటికాలి మీదే గెంతాలి కదా, ఈ ఒక్క ఆటలో నాకూ వాళ్లకూ తేడా లేదని, పైగా నాకే అలవాటు ఎక్కువని లోలోపల మురిసిపోయేదాన్ని. నా మురిపెం ఎవరికి కావాలి? నన్ను అరటిపండును చేశారు. అంటే ఆటలో ఉంటాను, వరస వస్తే గెంతుతాను, గీత తొక్కినా ఔట్ కాను, గడులన్నీ గెలిచినా లెక్కలోకి రాను. పసిపిల్లలకు ఆ హోదా కాస్త ఎదగగానే పోతుంది. నాకు పోలేదు. అంతమంది మధ్య గెంతుతూ కూడా నేను ఒంటరిగానే ఆడుకునేదాన్ని.

పక్కింటి సుబ్బులుది దురుసు నోరు. ఒకరోజు నా కాలివేలు గీత మీద పడగానే, "తొక్కావే. ఔటు," అంది.

"అది అరటిపండు గదే," అన్నారు మిగతావాళ్లు.

"అయితే కూసోబెట్టండి. ఆడితే మాత్రం ఔటే."

నాకు ఏడుపు రావాలి. రాలేదు సరిగదా, కడుపు నిండినట్టయింది. ఆ తర్వాత కొన్నాళ్లు నిజంగా ఆడాను. ఓడాను, కొట్లాడాను, ఒకసారి సుబ్బులు మీద గెలిచాను కూడా.

మా నాయనమ్మకు నేనంటే ప్రాణం. ఆ ప్రాణమే నా ప్రాణం తీసింది. ఓ మధ్యాహ్నం సుబ్బులు మాట ఆమె చెవిన పడింది. "ఏమే, కాలు లేని పిల్లను ఔటంటావా? నోరెట్టా వచ్చిందే నీకు?" అని కేకలేసి, వాళ్లమ్మకు చెప్పి నాలుగు వేయించింది. నా చేతిలో వేడివేడి సజ్జబూరెలు పెట్టింది. నాకు తినబుద్ధి కాలేదు.

మర్నాడు కావాలనే గీత తొక్కాను. సుబ్బులు చూసింది. చూసి, తల తిప్పుకుని, "ఊఁ, కానియ్," అంది.

మళ్లీ ఆటకు వెళ్లలేదు. ఎవరైనా పిలిస్తే, అరుగు మీద కూర్చుని చూస్తానులే అనేదాన్ని.

ఇప్పుడు ఆ వాకిలి సిమెంటు కిందికి పోయింది. నాయనమ్మ లేదు. మాచవరం కోడలై వెళ్లిన సుబ్బులు ఎక్కడుందో తెలియదు. బొగ్గుతో గడులు గీసే ఆడపిల్లలే ఎక్కడా కనపడరు.

ఇవాళ్టి పోటీలు దివ్యాంగ పిల్లలకు. కాలైనా కర్రైనా గీత దాటితే ఎత్తమని నా చేతికి ఎర్రజెండా ఇచ్చి, బంతి విసిరే చోట కుర్చీ వేశారు. చంకకర్రల మీద వచ్చిన ఒకమ్మాయి ఒంట్లో బలమంతా పెట్టి విసిరితే బంతి అందరికన్నా దూరం పడింది. చప్పట్లు మోగాయి. కానీ ఆమె కర్ర గీత దాటింది. నేను జెండా ఎత్తాను.

పక్కనున్న మాస్టారు వంగి, "పాపం, వదిలెయ్యండి మేడమ్. చానా కష్టపడింది," అన్నారు. నేను జెండా దించలేదు. చప్పట్లు ఆగిపోయాయి. కుంటిదానివై ఉండి నీకు జాలి లేదా అన్నట్టు చూశారు అందరూ. ఆ క్షణాన అంత పెద్ద ఆవరణలో నాకంటూ ఒక్కరు లేరనిపించింది.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, గీతను, కర్ర పడిన గుర్తును చూసింది.

"ఏంది మేడమ్, ఇంతేగా దాటింది."

"ఎంతైనా దాటినట్టే."

మూతి ముడుచుకుని గీత వెనక్కి జరిగింది. కర్రలు సర్దుకుంది.

"ఇంకో ఛాన్సుందిగా. బంతియ్యండి," అంది.