పొన్నరసి తరఫున మా వదిన

మా వదిన సరసమ్మతో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. గెలిచామనుకుని ఇంటికి పోయినవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళు అన్నానికి కూర్చున్నాక ఆవిడ చివరగా అన్న మాట ఏదో గుర్తొచ్చి, ముద్ద చేతిలోనే పట్టుకుని ఆలోచనలో పడతారు. అలాంటివాళ్ళలో నేను మొదటివాణ్ణి కాబట్టి నా మాట నమ్మవచ్చు.

అత్తిమంజేరిపేటలో మా అన్న చౌడయ్య ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. ఒకటి అన్నది, ఒకటి వదినది. పెళ్ళయి వచ్చిన ఏడాదే ఆవిడ మగ్గం గుంటలోకి కాళ్ళు దించిందని, ఇంతవరకు పైకి తీయలేదని అన్న వేళాకోళం చేస్తుంటాడు. మనిషి సన్నం. గొంతు మాత్రం మగ్గం చప్పుడును దాటుకుని వీధి చివరిదాకా పోతుంది. మాది తమిళ సీమ కాబట్టి మాకు తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే, చదవడం రాయడం అంతా తమిళంలోనే. నేను తిరువళ్లూరులో జిరాక్సు అంగడి పెట్టుకున్నాను. ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయి వచ్చేవాళ్ళతో పగలంతా వేగి వేగి నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆదివారం వస్తే రైలెక్కి తిరుత్తణిలో దిగి, బస్సు పట్టుకుని వదిన చేతి పులుసు తినడానికి పోతాను. ఆవిడ పులుసుతో పాటు వాదన కూడా వడ్డిస్తుంది.

గొడవంతా ఒక తమిళ సీరియల్ దగ్గర మొదలైంది. అది చూడని ఇల్లు మా వైపు లేదు. తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. పెద్దింటి చిన్నకొడుకు కారు నడుపుతూ ఒక మనిషిని గుద్ది చంపేస్తాడు. కేసు కోర్టుకు వస్తుంది. కారు నడిపింది డ్రైవరేనని ఇంటి పెద్దకొడుకు జయసీలన్ బోనెక్కి అబద్ధం చెబుతాడు. ఆ వెనకే చిన్నకొడుకు భార్య పొన్నరసి బోనెక్కి అదే అబద్ధం చెబుతుంది. డ్రైవర్ జైలుకు పోతాడు. జయసీలన్ చెబుతుంటే వెనక వీణ వాయించారు. పొన్నరసి చెబుతుంటే ఉరుములు ఉరిమించారు. మర్నాడు జయసీలన్ గుడిమెట్ల మీద కూర్చుని ఏడ్చాడు, జనమంతా ఆయనతో కలిసి ఏడ్చారు. పొన్నరసి ఏడవలేదు, బిడ్డకు అన్నం తినిపించింది. అంతటితో ఆమె రాక్షసి అయిపోయింది.

నేనూ జయసీలన్ వైపే. అందులో దాపరికం లేదు. ఆ నటుడు ఏడుస్తుంటే నాకూ కళ్ళు చెమర్చాయి.

వదిన కూతురు కవిప్రియ కాలేజీలో చదువుతోంది. ఆ ఎపిసోడ్ కింద యూట్యూబులో జనం రాసినవి ఒక ఆదివారం మాకు చదివి వినిపించింది. జయసీలన్‌కు అన్నీ దండాలూ కన్నీళ్ళూనే. పొన్నరసి మీద రాసినవాటిలో కొన్ని నోటితో చదవలేక వదిలేసింది.

"సరిగ్గానే రాసినారు. ఇల్లు కూల్చే రకం అది" అన్నాను.

వదిన మగ్గం ఆపింది. ఆవిడ మగ్గం ఆపిందంటే మా అన్న అక్కణ్ణుంచి లేచి పోతాడు. ఆ రోజు కూడా లేచి పెరట్లోకి పోయాడు.

"ఆయమ్మ ఏం అబద్ధం చెప్పింది మరిదీ?"

"కారు డ్రైవర్ నడిపినాడని."

"జయసీలన్ ఏం చెప్పినాడు?"

"అదే. అయితే ఆయప్ప కుటుంబం మర్యాద కోసం చెప్పినాడు వదినా. లోపల ఎంత కుమిలిపోయినాడో నువ్వు చూళ్ళేదా?"

"జైల్లో ఉండే డ్రైవర్ని పోయి అడుగు, ఎవురి అబద్ధం తియ్యగా ఉండాదో."

నాకు మండింది. "అయితే పొన్నరసి మంచిదంటావు."

"నేను యాడ అన్నా ఆ మాట? తప్పు చేసింది. ఆడబిడ్డ మల్లికకు వచ్చిన సంబంధం చెడగొట్టింది, అదీ తప్పే. తిట్టండి, నేనొద్దన్లేదు. తిట్టేటప్పుడు ఆయప్పను గూడా పక్కన నిలబెట్టి తిట్టండి. ఒకే తప్పుకు ఆయప్ప మెడలో దండ, ఈయమ్మకు చెప్పుదెబ్బ. అదేం న్యాయం?"

"ఆయప్ప ఏడ్చినాడు గదా వదినా."

"ఆయప్పకు ఏడ్చేదానికి తీరుబడి ఉండాది. ఈయమ్మ బిడ్డ ఆకలితో ఉండాది."

నేను పులుసు కలుపుకోవడంలో మునిగిపోయినట్టు నటించాను. అమ్మ అన్న మాటలనే కవిప్రియ తమిళంలో ఆ వీడియో కింద రాసి పెట్టింది. సాయంత్రానికి ఎవరెవరో వచ్చి వదినను కూడా దుమ్మెత్తిపోశారు. మీ ఇంట్లోకి కూడా ఇలాంటి కోడలే రావాలని ఒకామె శాపం పెట్టింది. వదిన అది విని పడీపడీ నవ్వింది. "రానీలే. బిడ్డకు అన్నమన్నా పెడతాది" అంది.

ఇది మాటలతో ఆగి ఉంటే నేనీ కథ రాసేవాణ్ణి కాదు. మా వైపు చీరలకు సీరియల్ వాళ్ళ పేర్లు పెడతారు. ఏ అమ్మాయి కట్టిన చీర జనానికి నచ్చితే ఆ రంగులు మగ్గం ఎక్కుతాయి, ఆ అమ్మాయి పేరు చీరకు ఎక్కుతుంది. ఆడవాళ్ళు అంగట్లోకి వచ్చి ఆ పేరుతోనే అడుగుతారు. నేసేది మా వాళ్ళు, పేరు పెట్టేది అంగడివాళ్ళు. వదిన జీవితమంతా నేసిన చీరలు ఎవరెవరి పేర్లతోనో తిరుత్తణి కొండ కిందినుంచి ఊళ్ళకు వెళ్ళిపోయాయి. ఒక్కదానికైనా నువ్వేం పేరు పెడతావని ఆవిడను అడిగినవాళ్ళు లేరు. "బిడ్డను కనేది నేనయితే, ఉయ్యాల్లో వేసి పేరు పెట్టేది వాళ్ళు" అని ఒకసారి నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నా అది ఆవిడ మనసులో ఎప్పటినుంచో ఉన్న కోరిక.

కోర్టుకు వచ్చిన రోజు పొన్నరసి ముదురు పసుపు చీర కట్టింది, దానికి వంగపండు రంగు అంచు. ఆడి నెలలో వచ్చే కృత్తిక పండగకు మొక్కు కావళ్ళు ఎత్తుకుని జనం తిరుత్తణి కొండ మీది గుడికి విరగబడి వస్తారు, చీరల వ్యాపారానికి అదే మంచి అదను. ఆ పండగ కోసం వదిన ఆ రంగులతోనే పడుగు వేసింది. మొదటి చీర మగ్గం మీదినుంచి దించి, మడత పెట్టి, మా అన్న ఎదుటే పేరు చెప్పింది. పొన్నరసి చీర. మా అన్న చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "కోదండరామన్న ఒప్పుకోడే" అన్నాడు.

"ఒప్పుకోకపోతే చూస్తాం. ఈ ఒక్క చీరకు పేరు నాది" అంది వదిన.

కోదండరామ మా చీరలు కొనే ఆసామి. తిరుత్తణిలో కొండ కింద పెద్ద అంగడి. ఒకవైపు చీరలు, ఒకవైపు మగవాళ్ళ చొక్కాలు. గల్లా దగ్గర ఆయన భార్య దేవకి కూర్చుంటుంది, అందరికీ దేవకక్క. మంచి మనిషే గాని ఆ సీరియల్ పిచ్చి మా వీధిలోవాళ్ళకంటే ఎక్కువ. అంగట్లో టీవీలో పొన్నరసి కనబడితే చాలు, మెటికలు విరిచి శాపనార్థాలు పెడుతుంది. పండగకు ముందు వారం వదినతో పాటు నేను చీరల మూట మోసుకుని ఆ అంగడికి పోయాను. మధ్యాహ్నం భోజనాల వేళ, బేరాలు లేవు, షట్టరు సగం దించి ఉంది.

కోదండరామ చీర విప్పి వెలుతురులో పెట్టి చూశాడు. ముఖం విచ్చుకుంది. "భలే ఉంది సరసమ్మా. మొత్తం దించెయ్. పేరు మల్లిక అని పెడతా."

"మల్లిక ఈ చీర కట్టలేదన్నా. ఇది పొన్నరసి చీర."

ఆయన ముఖం ముడుచుకుపోయింది. "పండగ పూట ఆ కెట్టదాని, ఆ రాక్షసి పేరు నా అంగట్లో వేలాడదీయమంటావా? జనం గడప తొక్కరు. మల్లిక పేరైతే ఇప్పుడే తీసుకుంటా. ఆ పేరే కావాలంటే మూట ఎత్తుకో. ఇంక నీ మగ్గం చీర నా అంగట్లో దిగదు."

 అన్నకు ఈయన తప్ప వేరే ఆసామి లేడు. కొత్తవాణ్ణి వెతుక్కునేలోపు పండగ దాటిపోతుంది. "వదినా, పేరుదేముంది, పోనీ" అని చెవిలో అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపుకు నేను రెండడుగులు వెనక్కి వేశాను. వదిన చీర మడత పెట్టి, మూట కట్టి, గుమ్మందాకా వెళ్ళింది. గుమ్మం పక్కన ఒక బొమ్మకు నీలంగళ్ళ చొక్కా తొడిగి ఉంది. దాని మెడలో అట్టముక్క మీద తమిళంలో పెద్ద అక్షరాలు. జయసీలన్ చొక్కా. ఆయన కోర్టుకు వేసుకొచ్చినది.

వదిన అక్కడ ఆగింది. గొంతు పెంచలేదు. నాకు అందుకే భయమేసింది.

"అన్నా, ఈ చొక్కా దించెయ్. నేను చీర పేరు మారుస్తా."

"చొక్కా ఎందుకు దించల్ల? మగపిల్లోళ్ళంతా అదే అడగతా ఉండారు. ఆయప్ప ఇంటి కోసం చెప్పినాడు."

"ఈయమ్మ ఎవురి కోసం చెప్పింది? ఎదురింటోళ్ళ కోసమా?"

కోదండరామ బొమ్మ మెడలోని అట్టముక్కను సరిచేయడంలో పడ్డాడు. నాకు లోపల్లోపల సంతోషం వేసింది, నాకు తగిలిన దెబ్బ ఇంకొకరికి కూడా తగిలిందని. సరిగ్గా అప్పుడు గల్లా దగ్గరినుంచి దేవకక్క మాట్లాడింది.

"ఆయమ్మ అడిగినదానికి బదులు చెప్పండి."

"నువ్వుండు దేవకీ. ఇది యాపారం."

"యాపారమే. ఈ అంగడి గురించే నేనూ చెప్పేది." ఆమె లేవలేదు, గొంతు కూడా మామూలుగానే ఉంది. "అంగట్లో వాటా వద్దని మీ తమ్ముడు అన్నాడని కోర్టులో మీరు చెప్పినారు. నన్నూ చెప్పమన్నారు, చెప్పినా. ఆయప్ప ఆ మాట అననే లేదు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. నాయన అంగడి ముక్కలు గాకుండా నిలబెట్టినాడని ఊరు మీకు శాలువా కప్పింది. నేను అన్నదమ్ముల్ని విడదీసినదాన్నయినా. ఈ పొద్దుకూ పెండ్లిండ్లలో మీ చెల్లెలు మీ పక్కన కూచుంటాది. నా పక్కన కూచోదు."

కోదండరామ చేతిలో ఉన్న టేపు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం అయ్యాక విప్పి మళ్ళీ చుట్టాడు.

"అదంతా ఇప్పుడెందుకు" అన్నాడు.

"ఇన్నాళ్ళూ నేనూ అడగలేదు. ఆ పొన్నరసిని అందరికంటే జాస్తి తిట్టింది నేనే. దాన్ని తిడతా ఉంటే నా పక్కకు ఎవురూ చూడరనుకున్నానేమో."

వదిన మూట కింద పెట్టి గల్లా దగ్గరికి పోయింది.  దేవకక్క చెయ్యి పట్టుకుని పక్కన స్టూలు మీద కూర్చుంది.  నాకు కళ్ళు చెమర్చాయి. జయసీలన్ కోసం చెమర్చినదానికీ దీనికీ తేడా నాకే తెలిసింది.

కోదండరామ మా ఎవరివైపూ చూడకుండా మూట విప్పాడు. లోపలినుంచి ఒక అట్టముక్క తెచ్చుకుని, స్కెచ్ పెన్నుతో తమిళంలో రాశాడు. చీర ఒకటి తీసి చొక్కా బొమ్మ పక్కనే వేలాడదీసి, ఆ అట్టను దానికి గుచ్చాడు. వదిన కూర్చున్నచోటినుంచే పెదాలు కదుపుతూ చదువుకుంది. తాను నేసిన చీర మీద తాను పెట్టిన పేరు ఆవిడ చూడడం అదే మొదటిసారి. ఆ ముఖం చూశాక నాకు ఆ వారమంతా ఎవరిమీదా కోపం రాలేదు.

పండగ రోజు సాయం చేద్దామని నేనూ వదినా అంగడికి పోయాం. వీధంతా పసుపు బట్టలు, పూల కావళ్ళు, అరోహరా అని భక్తుల కేకలు. ముగ్గురు ఆడవాళ్ళు ఆ చీర దగ్గర ఆగారు. అరక్కోణం వైపు వాళ్ళనుకుంటాను. రంగు బాగుందని ఒకామె కొంగు పట్టుకుని చూసింది. తర్వాత అట్ట చదివి వదిలేసింది. "ఈ చెడ్డదాని పేరు ఎందుకు పెట్టినారు?" అని తమిళంలో అడిగింది.

బదులు చెప్పడానికి వదిన అప్పటికే సగం లేచింది. అంతలో కోదండరామ అందుకున్నాడు. భార్యవైపు తిరగలేదు గాని, గల్లాదాకా వినబడేట్టు తమిళంలోనే చెప్పాడు.

"ఆ చొక్కా ఆయన ఎంతోనమ్మా, ఈమె కూడా అంతే. ఇద్దరూ ఒకే బోనెక్కి ఒకే మాట చెప్పినారు. మాట చెప్పించింది మాత్రం ఆమె కాదు."

ఆ కడపటి మాట సీరియల్లో లేదు. ఆ ఆడవాళ్ళకు అది తెలియదు, ఏదో ఎపిసోడ్ తాము చూడలేదనుకుని తలలూపారు. ఒకామె చీర తీసుకుంది. గల్లా దగ్గర దేవకక్క ఆ చీరను తన చేత్తోనే సంచిలో పెట్టి ఇచ్చింది, ఆమెకు ఇవ్వవలసిన చిల్లర మాత్రం చేతిలోనే పట్టుకుని, భర్త వీపువైపు చూస్తూ కూర్చుంది.