అక్క బండికి చూపిన ఎర్రజెండా

మొన్న వల్సాడ్‌లో పెళ్లి చూసుకుని తిరిగి సూరత్ వస్తుంటే భేస్తాన్ స్టేషను ముందర మా బండి ఆగిపోయింది. పావుగంటైనా కాకముందే పెట్టెలోని వాళ్లంతా రైల్వే వాళ్లను తిట్టడం మొదలుపెట్టారు. నేను మాత్రం కిటికీకి ముఖం ఆనించి, ముందర పట్టాల మీద మనిషెవరైనా నిలబడి ఉన్నాడా అని చూశాను. ముప్పై ఏళ్లకు పైగా పట్టాల వెంట నడిచినవాణ్ణి; బండి ఆగితే నాకు కోపం రాదు, గుండె దడ వస్తుంది.

మా వాళ్లంతా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చినవాళ్లే. అక్కా బావా అమ్రోలిలో సాంచాల పక్కనే కాపురం ఉండేవారు. నేనొక్కణ్ణే ఆ చప్పుడు పడక రైల్వే గ్యాంగులో చేరి, తూర్పుగా పోయే లైను మీద కీమ్యాన్‌నయ్యాను. తెల్లవారగానే సుత్తి, పానా, రెండు జెండాలు పట్టుకుని, నా వంతు మేర పట్టాలను కళ్లతో తడుముకుంటూ నడవడం, వదులైనవి బిగించడం నా పని. అప్పట్లో అది ఒంటి లైను. ఎదురుబండి ఉంటే ఏదో చిన్న స్టేషనులో గంటల తరబడి పడి ఉండాల్సిందేనని నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏటేటా బండ్లు పెరిగేవి, పట్టాలు పాతవే ఉండేవి, మేం మాత్రం తగ్గుతూ వచ్చాం.

ఆ చలికాలం ఊళ్లో అమ్మ అన్నం ముట్టడం లేదని కబురు వచ్చింది. సెలవు అడిగితే మా మేస్త్రి కాదనలేదు గానీ, ఎనిమిది మంది చేయాల్సిన పని ఐదుగురం చేస్తున్నామని, రెండు రోజులు ఓపిక పట్టమని బతిమాలాడు. అక్క ఆగలేకపోయింది. బావకు సాంచాలు వదిలే వీలు లేక, ఒక్కతే జనరల్ పెట్టెలో బయలుదేరింది.

ఆ ఉదయమే నా మేరలో ఒక పట్టా చలికి విరిగి, వేలు దూరేంత సందు కనబడింది. వచ్చేది అక్క ఎక్కిన బండేనని నాకు తెలుసు. ఎర్రజెండా విప్పుకుని దానికి ఎదురు పరుగెత్తాను. ఇంజను నా ముందర కొద్ది దూరంలో ఆగగానే డ్రైవరుకు సంగతి చెప్పి, గ్యాంగుకు కబురు పంపించాను.

కబురు అందుకుని గ్యాంగు వచ్చేసరికే చాలాసేపయింది. ఈలోగా జనం దిగి నా చుట్టూ మూగారు. వాళ్లలోంచి అక్క వచ్చింది.

"తమ్మీ, భుసావల్‌ల బండి మారాలె. అది తప్పితే మల్ల రేపే. జర మెల్లగన్న పోనియ్యి."

"పట్టా ఇరిగిందక్కా. గింత మందిని ఎట్ల పోనియ్యాలె?"

అక్క ముందుకు నడిచి ఆ సందును చూసింది, నన్ను చూసింది, కంకర మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. మేం అతుకు పలకలు వేసి, బిగించి, బండి నడక వేగంతో దాటేలా చేసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

అప్పుడు మేస్త్రి నన్ను పక్కకు పిలిచి నువ్వూ ఎక్కి వెళ్లమన్నాడు. మిగిలిన ముగ్గురూ తలలు వంచుకున్నారు. కొత్త పట్టా వచ్చేదాకా ప్రతి బండినీ దాటించడానికి అక్కడ ఒకరుండాలి, నా మేర నడవడానికి మరొకరు కావాలి. అక్క పెట్టె తలుపులోంచి చెయ్యి చాచింది.

"ఎక్కు తమ్మీ. అమ్మ ముందుగల్ల నిన్నే అడుగుతది."

నేను ఎక్కలేదు. పచ్చజెండా ఊపి అక్క బండిని నా చేతులతోనే దాటించాను.

భుసావల్‌లో ఆ బండి తప్పనే తప్పింది. అక్క ఊరు చేరేసరికి అమ్మ పోయి, దహనం కూడా అయిపోయింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది. ఎప్పటిలాగే అన్నం పెట్టేది, మంచీ చెడూ అడిగేది. కానీ ఆ తర్వాత ఎప్పుడు ఊరికి బయలుదేరినా, ఏ బండికి పోతున్నదో మాత్రం నాకు చెప్పేది కాదు.

ఇప్పుడు అక్కడ రెండు లైన్లున్నాయి. కంటికి ఆనని పగులును కూడా యంత్రాలు పసిగడుతున్నాయి. ఒక లైను చెడితే బండిని రెండోదాని మీదికి మళ్లిస్తున్నారు. కావలసినవన్నీ వచ్చాయి, మాకు కావలసిన రోజు దాటాక వచ్చాయి. ఆ రెండో లైను మీద మొదటి బండి నడిచిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అందరూ కొబ్బరికాయలు కొట్టి మిఠాయి పంచుతుంటే, ఈ మాట అక్కకు చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. అప్పటికి అక్క పోయి ఏడాదైంది.