గాజుల హలీమాబీతో నారాయణపేట టీకాలు

నల్లగొండలో పొద్దున ఆరింటి బస్సెక్కాను. నారాయణపేటలోని ఒక నేతపేటలో అమ్మవారు పోసిందని, ఇద్దరు పిల్లలు మంచం పట్టారని కబురు. అక్కడి టీకాల మనిషి సెలవులో ఉండడంతో నన్ను పంపారు. ఒళ్లో ఫ్లాస్కు, అందులో మంచుముక్కల మధ్య మశూచి టీకామందు. మర్నాటి సాయంత్రంలోగా వాడకపోతే పాడైపోతుంది.

దేవరకొండ దాటాక పక్కాయన ఫ్లాస్కు వైపే చూస్తూ, "సారూ, జర చాయ్ పోయరాదు?" అన్నాడు. అందులో ఏముందో చెప్పాను. అక్కణ్నుంచి జడ్చర్ల దాకా ముగ్గురు పట్టే సీటులో నేనొక్కణ్నే కాళ్లు చాపుకొని ప్రయాణం చేశాను.

మహబూబ్‌నగర్లో దిగేసరికి రెండు. హోటల్లో జొన్నరొట్టె, పప్పు తిని మూడింటి బస్సు పట్టుకుంటే చీకటి పడకముందే నారాయణపేట చేరవచ్చు. సత్రంలో బస దొరుకుతుంది. దుప్పటి మాత్రం మీరే తెచ్చుకోవాలి.

మర్నాడు ఏడింటికి పేటలో అడుగుపెట్టగానే మగ్గాల చప్పుడు ఆగింది, తలుపులు మూసుకున్నాయి. తెలుగులో పిలిస్తే కన్నడంలో, ఉర్దూలో పిలిస్తే మరాఠీలో జవాబొచ్చింది. అన్నిటికీ అర్థం ఒక్కటే, పొమ్మని.

ఓ అరుగు మీద దిగాలుగా కూర్చున్నాను. గాజుల మలారం మోసుకుంటూ ఒక ముసలామె వచ్చింది. పేరు హలీమాబీ. ఆ పేటలో ఏ కులం, ఏ మతం ఇల్లాలైనా జంకకుండా చెయ్యిచ్చేది ఆమెకే. నా సంగతంతా విని, "అబద్ధం చెప్పకు బిడ్డా. నొస్తదా?" అంది.

"జర నొస్తది. జ్వరమొస్తది. వారం దినాలకు పొక్కు లేస్తది."

"గట్ల చెప్పు. ముందుగాల నాకెయ్యి."

నడివీధిలో కూర్చుని చెయ్యి చాపింది. సూది తగలగానే పేటంతా వినబడేలా నన్ను ఉర్దూలో తిట్టి, తర్వాత నవ్వింది. ఆ తిట్లు వినడానికే మొదటి తలుపు తెరుచుకుంది.

ఇల్లిల్లూ తిరిగాం. నొప్పి, జ్వరం సంగతి ఎవరి భాషలో వాళ్లకు చెప్పి, సరేనన్నాకే ఆమె చెయ్యి పట్టుకునేది. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు అందరూ వేయించుకున్నారు. పేటపెద్ద నాగప్ప మాత్రం మగ్గం గుంటలోంచి లేవలేదు.

"పని మీదున్న. మల్ల రా," అన్నాడు.

"పనా పాడా! కాళ్లు వణుకుతున్నయ్, అందుకే లేస్తలేడు," అంది భార్య.

చివరికి నేనే గుంటలోకి దిగాను. ఇద్దరికి జాగా లేదు. దాదాపు ఆయన ఒళ్లో కూర్చునే టీకా వేశాను. పైకి రావడానికి మాత్రం ఇద్దరాడవాళ్లు నన్ను చెరో రెక్కా పట్టి లాగాల్సి వచ్చింది.

పొక్కులు చూడడానికి ఎనిమిదో రోజు దాకా ఉండిపోయాను. మధ్యలో జ్వరాలొచ్చాయి. మళ్లీ తలుపులు మూసుకుంటాయనుకున్నాను. "ముందుగాలనే చెప్పిండు గద," అని వాళ్లే ఒకరికొకరు సర్దిచెప్పుకున్నారు. చెయ్యి వాచి హలీమాబీ నాలుగు రోజులు గాజులు తొడగలేకపోతే, నాగప్ప భార్య రోజూ రొట్టెలు పంపింది. మంచం పట్టిన పిల్లలిద్దరూ మచ్చలతో బతికారు. మరో ఇంట్లో అమ్మవారు పోయలేదు.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న అవ్వ, "నారాయణపేట చీరలు చూసినవా బిడ్డా?" అని అడిగింది. అన్ని రోజులుండి ఒక్క చీరనైనా సరిగా చూడలేదని అప్పుడు తట్టింది.

"లేదవ్వా, చేతులు చూసిన," అన్నాను.

"చేతులు చూస్తవా? అయితే నాది చూసి చెప్పు," అంటూ అరచెయ్యి నా ముందు పెట్టింది.

ఆ గీతలు నాకేం తెలుస్తాయి? కొంగు జరిపి జబ్బ మీద చూశాను. టీకామచ్చ లేదు. జడ్చర్ల వచ్చేలోగా ఆమె ఊరి పేరు, ఆ ఊరికి పోయే దారి రాసుకున్నాను.